బనవాసి బడి, కోసిగి బడి

ఎమ్మిగనూరు మండలం బనవాసి పేరెత్తితే కర్నూలు జిల్లాలో పిల్లల్ని చదివించుకునే ఏ ఇంట్లోనైనా రెండు గేట్లు కళ్ళ ముందుకొస్తాయి. ఒకటి జవహర్ నవోదయ విద్యాలయం. రెండోది రాష్ట్ర గురుకుల సంస్థ ఆడపిల్లల కోసం నడిపే జూనియర్ కాలేజీ. కోసిగి పేరెత్తితే గుర్తొచ్చేది వేరు: దసరా, దీపావళి దాటాక తాళాలు పడే ఇళ్ళు, మూటాముల్లెలతో గుంటూరు దారి పట్టే బండ్లు, వాటి వెనక మిగిలిపోయే ముసలివాళ్ళు, పిల్లలు. ఆ పిల్లల కోసం సర్కారు బడిలోనే ఏటా కొన్ని నెలలు నడిచే సీజనల్ హాస్టల్ అనేది ఒకటుందని జిల్లా దాటితే చాలామందికి తెలియదు. పొద్దున బయల్దేరితే ఒకే పూటలో రెండూ చూసి రావచ్చు, అంత దగ్గర. రెండూ పేదపిల్లకు అన్నం పెట్టి, పడక చూపించి, పుస్తకం చేతికిచ్చేవే. రెండింటి ఖర్చూ సర్కారుదే. అయినా సామాజిక న్యాయం అనే మాటకు బనవాసి చెప్పే అర్థం ఒకటి, కోసిగి చెప్పే అర్థం మరొకటి. విద్యా సంస్కరణల మీద మన దగ్గర జరిగే వాదాలు మీడియం చుట్టూ, భవనాల చుట్టూ, ట్యాబుల చుట్టూ తిరుగుతాయి గానీ ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన పెట్టి చూసింది తక్కువ.

గురుకులం కథ తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైంది. ఆ వెంటనే గుంటూరు జిల్లాలో తాడికొండ, అనంతపురం జిల్లాలో కొడిగెనహళ్ళి వచ్చాయి. 1986 జాతీయ విద్యావిధానం నవోదయలను తెచ్చినప్పుడు కేంద్రంలో ఆ శాఖ చూసింది కూడా పి.వి.యే. సర్వేలులో వేసిన విత్తనమే ఢిల్లీ చుట్టి బనవాసికి వచ్చిందంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఇంకో పాయ సాంఘిక సంక్షేమ గురుకులాలది. వాటి వెనకున్న ఆలోచన నుంచి ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరును విడదీయలేం. ఊరు ఏ పిల్లవాణ్ణి వెట్టికి పంపిందో ఆ పిల్లవాడికి ఊరి బయట సొంత బల్ల, సొంత పళ్ళెం, పేరు పెట్టి పిలిచే మాస్టారు ఉండాలన్నది ఆ ఆలోచన. 2014 మే 25న ఆ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కి నిలబడితే నిలబడింది ఇద్దరు పిల్లలే కాదు, ఆ ఆలోచన కూడా.

సీజనల్ హాస్టల్‌కు ఇంత వంశవృక్షం లేదు. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో వచ్చింది, ఇప్పుడు సమగ్ర శిక్ష కింద నడుస్తోంది. దానికి శిలాఫలకం ఉండదు, పూర్వవిద్యార్థుల సంఘం ఉండదు. ఏప్రిల్‌లో మూతపడితే మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా హెచ్‌ఎంకు కూడా తెలియదు. అది పుట్టింది సిద్ధాంతం నుంచి కాదు, సుగ్గి నుంచి.

సుగ్గి అంటే ఏమిటో ఆదోని డివిజన్‌లో ఎవరినడిగినా చెబుతారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద పల్లెల్లో వానాకాలం పంట ఇంటికొచ్చాక, చాలాసార్లు రాకపోయాక, చేతికి పనుండదు. తుంగభద్ర దిగువ కాలువ ఈ పల్లెల మీదుగానే పోతుంది. కాగితం మీద ఆంధ్రా వాటా 24 టీఎంసీలు. బళ్ళారి దాటి ఇటు చివరికి చేరేదెంతో పొలం గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ పత్తి విడిపించడానికి, మిరపకాయ కోయడానికి గుంటూరు వైపో, తెలంగాణకో, కర్ణాటకకో పోతారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. పత్తి తీతకు కిలో లెక్కన కూలి. కిలో లెక్క వచ్చిందంటే ప్రతి చేయీ లెక్కలోకి వస్తుంది, ఎనిమిదేళ్ళ చేయి కూడా. పిల్లను వెంట తీసుకుపోతే పది కిలోలు ఎక్కువ, ఇంటి దగ్గర వదిలితే చూసుకునే దిక్కెవరన్న బెంగ ఎక్కువ. ఆ రెండు లెక్కలూ కలిసి బడి రిజిస్టర్లో నవంబరు నుంచి మార్చి దాకా గైర్హాజరు గళ్ళవుతాయి. సుగ్గి నుంచి తిరిగొచ్చేది ఉగాదికి. అప్పటికి చదువుల ఏడాది అయిపోవస్తుంది.

ఇక దగ్గరకు పోయి చూద్దాం. బనవాసి గేటు దాటాలంటే ముందు నవోదయ పరీక్ష రాయాలి. ఐదో తరగతి పిల్లకు రెండు గంటలు, ఎనభై ప్రశ్నలు, వంద మార్కులు. అందులో సగం ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీవి. నాలుగు బొమ్మల్లో తక్కిన వాటితో కలవనిదేది, ఈ ముక్కను అద్దంలో చూపిస్తే ఎలా ఉంటుంది, ఈ కాగితాన్ని మడిచి కత్తిరించి విప్పితే చిల్లులు ఎక్కడ పడతాయి, ఇలాంటివి. మిగిలిన ప్రశ్నల్లో సగం లెక్కలు, సగం భాష. తెలుగులో రాయొచ్చు. సీట్లు 80. ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా 2011 లెక్కల్లో 40 లక్షలకు పైనే. అంత జిల్లాకు ఏడాదికి ఎనభై మంది. వాళ్ళలో కనీసం 75 శాతం పల్లె పిల్లలుండాలి, మూడోవంతు ఆడపిల్లలుండాలి, ఎస్సీ ఎస్టీ వాటా ఉండాలి. నియమాలు న్యాయంగానే ఉన్నాయి. ఆ బొమ్మలు మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నాలుగుసార్లు విప్పి చూపిస్తేగానీ ఏ పిల్లకూ అర్థం కావు. అందుకే టౌన్లలో నవోదయ కోచింగ్ బోర్డులు వెలిశాయి.

కోసిగి వైపు సీజనల్ హాస్టల్‌కు గేటూ లేదు, పరీక్షా లేదు. బడి వదిలాక బెంచీలు గోడకు జరిపి, చాపలు పరిచి, తరగతి గదినే పడకగది చేస్తారు. నల్లబల్ల మీద మధ్యాహ్నం చెప్పిన భాగహారం రాత్రి కూడా అలాగే ఉంటుంది. దాని కిందే పిల్లలు పడుకుంటారు. మధ్యాహ్నం అన్నం ఎటూ బడిలో అందరితోపాటే. రాత్రికీ పొద్దునకూ విడిగా వండిపెట్టాలి, చీకటి పడ్డాక చూసుకునే మనిషొకరు ఉండాలి. ఆడపిల్లను రాత్రి అక్కడ ఉంచడానికి అవ్వలు ఒప్పుకోరు. పిల్ల సాయంత్రం తిని ఇంటికొచ్చి అవ్వ పక్కన పడుకుని, పొద్దున్నే మళ్ళీ గిన్నె పట్టుకుని బడికొస్తుంది. హాస్టల్ అన్న పేరేగానీ ఆ పిల్ల వరకు అది రెండు పూటల అన్నం, ఒక హాజరు. అయితే ఆ రెండు పూటలే ఆ పిల్లను మిరపచేలోకి పోకుండా ఆపుతాయి.

పోలికలు ముందు చూద్దాం. రెండూ ఒకే అపనమ్మకం మీద నిలబడ్డాయి: పేద ఇల్లు పిల్ల చదువుకు చాలదని. బనవాసి ఆ మాటను గౌరవంగా అంటుంది, కోసిగి గత్యంతరం లేక అంటుంది. అలాగే రెండూ పిల్లకూ తల్లిదండ్రులకూ మధ్య దూరం పెట్టి చదువు చెప్పేవే. బనవాసిలో పిల్ల ఊరొదిలి పోతుంది, అమ్మానాన్నా ఊళ్ళో ఉంటారు, నెలకోసారి క్యారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. కోసిగిలో అమ్మానాన్నా ఊరొదిలి పోతారు, పిల్ల ఊళ్ళోనే ఉంటుంది, ఫోన్లో మాట్లాడుతుంది. ఏడుపు రెండుచోట్లా ఒకటే. కాకపోతే ఒక ఏడుపుకు ఆశ తోడుంది, రెండోదానికి అప్పు తోడుంది.

ఇంకో చిత్రమైన పోలిక ఉంది. నవోదయలో తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపుతారు. అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. రైలు టికెట్టు సర్కారుది. తిరిగొచ్చేసరికి పిల్లవాడికి హిందీ వస్తుంది, లోకం తెలుస్తుంది. అదే వయసు కౌతాళం పిల్లవాడు కూడా ఏడాదిలో సగం పరాయి నేల మీద బతుకుతాడు. వాడి ఇంట్లో కన్నడం కలిసిన తెలుగు, పోయినచోట గుంటూరు తెలుగు. ఆసామి కళ్ళలోకి చూసి కాటా ఎక్కడ తప్పుతోందో పసిగట్టడం వచ్చేస్తుంది. ఒకరి ప్రయాణం బడి లెక్కలో చదువు, ఇంకొకరిది అదే బడి లెక్కలో డ్రాపౌట్. పిల్లలు మిరపచేలో నేర్చుకుంటున్నారు కాబట్టి బడి అక్కర్లేదని వాదించే పెద్దమనుషులు కొందరున్నారు. నేను వాళ్ళలో లేను. ఆ పిల్లవాడికి తెలిసిన కాటా లెక్కను కాగితం మీద పెట్టించగల మాస్టారు రెండు బడుల్లో ఎక్కడున్నాడన్నదే నా ప్రశ్న.

తేడాలు ఇంకా లోతైనవి. బనవాసి అడిగే మొదటి ప్రశ్న ఎవరిని తీసుకోవాలని. కోసిగి అడిగేది ఎవరూ జారిపోకుండా ఎలాగని. ఈ రెండు ప్రశ్నలకూ మన దేశంలో పాత వంశాలే ఉన్నాయి. 1882లో హంటర్ కమిషన్‌కు జోతీరావు ఫూలే ఇచ్చిన వినతిపత్రం రెండో ప్రశ్నకు తల్లివేరు. రైతు కట్టిన శిస్తు పైకులాల పిల్లల పైచదువులకు పోతోందని ఆయన లెక్క చెప్పి, పన్నెండేళ్ళ దాకా అందరికీ నిర్బంధ ప్రాథమిక విద్య కావాలన్నారు. కాగా అంబేడ్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాక చేసిన తొలి పనుల్లో ఒకటి సోలాపూర్‌లో హాస్టల్ తెరవడం. ఊరు గుక్కెడు నీళ్ళు పోయనిచోట, బడి ఉన్నా పిల్ల కూర్చోలేనిచోట, ముందు కావలసింది కప్పు. ఫూలే వాదం అందరికీ బడి. అంబేడ్కర్ తొలి అడుగు కొందరికైనా ముందు ఒక చోటు. ఇద్దరినీ ఎదురెదురు నిలబెట్టడం మూర్ఖత్వం. కొల్హాపూర్ శాహు మహరాజ్ రెండూ చేశారు: 1901 నుంచి ఒక్కో కులానికీ హాస్టళ్ళు కట్టించారు, 1917లో తన సంస్థానంలో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేశారు. మనకు గురుకులం దక్కింది, హాస్టల్ దక్కింది. ఆ నిర్బంధం మాత్రం విద్యాహక్కు చట్టమై 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ చట్టం ప్రవేశాలకు వడపోత పరీక్షలు వద్దంటుంది. గురుకులాల ఐదో తరగతి ప్రవేశానికి పరీక్ష ఇంకా ఉంది. చట్టం తప్పా పరీక్ష తప్పా అంటే తేల్చడం తేలిక కాదు. సీట్లు ఎనభై, అడిగేవాళ్ళు వేలల్లో ఉన్నప్పుడు లాటరీ తియ్యడమే న్యాయమని సిద్ధాంతం ఒప్పుకుంటుంది. రాత్రంతా కూర్చుని చదివిన పిల్ల ఒప్పుకోదు.

శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల నుంచి చెప్పిన మాట కోసిగి పక్షాన నిలుస్తుంది: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పని ప్రమాదకరమా కాదా అన్న మీమాంసే వద్దు. అప్పట్లో ఇది మొండివాదంగా కనిపించింది. కర్నూలు జిల్లా విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లల వేళ్ళు కావాలని బడి మాన్పించిన కాలం అది. సాయంత్రం మొగ్గలోంచి కేసరాలు ఒలిచి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. బడి వేళకు రెండూ అడ్డే. అలాంటి చోట మొండివాదమే సరైన వాదమని కాలం తేల్చింది. అయితే ఆ వాదానికి ఒక లోపం ఉంది. పిల్లను బడిలోకి తేవడం మీద అది పెట్టిన పట్టు, వచ్చిన పిల్లకు బడి ఏం ఇస్తుందన్న దాని మీద అంతగా నిలవలేదు. సీజనల్ హాస్టల్ ఆ లోపాన్ని నిండుగా మోస్తోంది. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర సగటు 86.69 శాతం, పార్వతీపురం మన్యం 96.37తో మొదట, కర్నూలు 62.47తో అట్టడుగున. మన్యం అంటే అడవి ప్రాంతం, అక్కడ గిరిజన ఆశ్రమ బడులూ గురుకులాలూ దండిగా ఉన్నాయి. ఒక్క ఏడాది ఫలితం మీద సిద్ధాంతం కట్టకూడదు. 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో ఆఖరున నిలిచి, గిరిజన జిల్లా అయితే చాలు ఫలితాలొస్తాయన్న తేలిక మాటను కొట్టేసింది కూడా. అయినా చదువుల ఏడాది పొడుగునా నడిచే కప్పుకూ కొన్ని నెలలే నడిచే కప్పుకూ తేడా ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు.

బనవాసి లోపం ఇంకో రకం. అది తీసుకున్న పిల్లకు అన్నీ ఇస్తుంది: లైబ్రరీ, ఆటస్థలం, సైన్సు ల్యాబు, రాత్రి స్టడీలో డౌటు తీర్చే టీచరు. తీసుకోని పిల్ల గురించి దానికి మాటే లేదు. పైగా పల్లెబడి నుంచి చురుకైన ఇద్దరు ముగ్గురిని ఏటా తీసుకుపోతే ఆ బడిలో మిగిలేవాళ్ళ మీద ఊరికే నమ్మకం పోతుంది. తెలివైనవాళ్ళంతా పోయారు, వీళ్ళకేం వస్తుంది అని మాస్టారూ అనుకుంటాడు, నాన్నా అనుకుంటాడు. గురుకులాలను మెచ్చుకునే మనం ఈ సంగతి బయటికి అనం. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు అక్కడ చదివి పైకొచ్చి ఉంటారు, కృతజ్ఞత నోరు కట్టేస్తుంది. కృతజ్ఞత తప్పు కాదు. విమర్శ మాత్రం ఎంపిక కాని పిల్ల వైపు నుంచి మొదలుకావాలి.

రాజధాని నుంచి వచ్చిన సంస్కరణలు ఈ రెండు బడుల మీదా ఒకే తీరున పడలేదు. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి తల్లి ఖాతాలో 15,000 వేసింది. పిల్ల మిరపచేలో తెచ్చే కూలికి బదులుగా అది పనికొచ్చి ఉండేదే. అయితే 2022లో 75 శాతం హాజరు నిబంధన గట్టిగా పట్టుకున్నారు. గురుకులంలో చదివే పిల్లకు హాజరు సమస్యే కాదు. సుగ్గికి పోయిన పిల్లకు అది దాటరాని గోడ. డబ్బు ఎవరిని బడిలో నిలపడానికి వచ్చిందో వాళ్ళే జాబితాలోంచి జారారు. అలాగే 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపల ఉన్న హైస్కూళ్ళలో కలిపింది. సబ్జెక్టుకో టీచరు దొరుకుతాడన్న వాదంలో నిజం లేకపోలేదు, ఇది బనవాసి తర్కమే. అవ్వ దగ్గర మిగిలిన ఎనిమిదేళ్ళ పిల్లకు మాత్రం ఇంటి వెనక ఉన్న బడి రోడ్డు అవతలికి పోయింది. 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి తొమ్మిది రకాల బడులుగా మళ్ళీ సర్దింది. ఏ సర్దుబాటులోనూ సుగ్గి అన్న ప్రమాణం కనిపించదు. దూరం కొలిచారు, పిల్లల సంఖ్య కొలిచారు. ఏ నెలలో ఎంతమంది ఉంటారని కొలవలేదు.

ఇక్కడ ఇటలీ కొండల్లోని ఒక బడిని తలుచుకోవాలి. టస్కనీలో బార్బియానా అనే పల్లెకు 1954లో డాన్ లోరెంజో మిలానీ అనే పాదిరీని పంపారు, శిక్ష కిందే అనుకోవచ్చు. సర్కారు బడిలో ఫెయిలై ఇంటికొచ్చిన రైతుల, గొర్రెలకాపరుల పిల్లలకు ఆయన రోజుకు పన్నెండు గంటలు, ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ నడిచే బడి పెట్టాడు. ఆ పిల్లలు ఎనిమిదిమంది కలిసి తమను ఫెయిల్ చేసిన టీచరమ్మకు రాసిన లేఖ 1967లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళ కోరికలు మూడే: ఫెయిల్ చేయొద్దు, వెనకబడ్డవాళ్ళకు పూర్తికాలపు బడి పెట్టండి, బద్ధకస్తులకు ఒక లక్ష్యం చూపించండి. కోసిగి నుంచి చదివితే రెండో కోరిక దగ్గర చూపు ఆగిపోతుంది. మనం పూర్తికాలపు బడిని ముందున్నవాళ్ళకిచ్చాం, అరకొర బడిని వెనకున్నవాళ్ళకిచ్చాం. బార్బియానా తలకిందులుగా అడిగింది. అలాగని మిలానీని బనవాసి మీదికి ఆయుధంగా ఎత్తడం కూడా సరికాదు. రాత్రీ పగలూ పిల్లలతో ఉండే టీచరు, ఊరికి దూరంగా సొంత క్రమశిక్షణ, పుస్తకం మీద గౌరవం, ఇవన్నీ గురుకుల లక్షణాలే. బార్బియానాలో లేనిది ప్రవేశ పరీక్ష ఒక్కటే.

ఆ ఒక్కటీ లేకుండా గురుకులం నడపవచ్చని చూపించిన బడి మన జిల్లాలోనే ఉంది, దాన్ని ఎవరూ నమూనా అని పిలవరు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు రాష్ట్రంలో 352 ఉన్నాయి. బడి మానేసిన, తల్లో తండ్రో లేని, పెళ్ళి చేసేయబోతున్న ఆడపిల్లలను వెతికి చేర్చుకోవాలన్నది వాటి నియమం. ముందు ఎనిమిదో తరగతి దాకా ఉండేవి, తర్వాత పదో తరగతికి, ఆపైన ఇంటర్‌కూ పెరిగాయి. బనవాసి నుంచి కప్పూ కోసిగి నుంచి తలుపూ తీసుకుంటే వచ్చేది కస్తూర్బా. సుగ్గికి తీసుకుపోతే పిల్ల పెళ్ళి అక్కడే కుదిరిపోతుందన్న భయం ఉన్న ఇళ్ళు కొన్ని ఆరో తరగతి రాగానే పిల్లను అక్కడ దింపి పోతున్నాయి. మగపిల్లలకు ఇలాంటిది లేదు. ఆరో తరగతికి ముందు ఆడపిల్లకూ లేదు. బడి మానడానికి బీజం పడేది మూడు, నాలుగు తరగతుల్లోనే కాబట్టి కస్తూర్బా చేరేసరికి సగం మంది దారిలోనే జారిపోయి ఉంటారు. ఇద్దరికీ ఉన్నదల్లా ఆ బెంచీలు జరిపిన గది.

ఈ రెండు బడులూ అడగని ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎమ్మిగనూరే ఒకప్పుడు అడిగింది. పిల్లను ఎక్కడ ఉంచాలన్నది కాదు, తల్లి ఎందుకు పోవాలన్నది. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు దాన్ని విద్యా సంస్కరణ అని ఎవరూ అనలేదు. నూలు ఇంటికొచ్చింది, దుప్పటి ఇంట్లోనే తయారైంది, సొసైటీ అమ్మిపెట్టింది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మగ్గం ఉన్న ఇంట్లోనూ పిల్ల చేతికి పని తప్పదు, కండెలు చుట్టాలి. ఆ సంగతి దాచి సహకార సంఘాన్ని స్వర్గం చేయనక్కర్లేదు. అయితే కండెలు చుట్టే పిల్ల గంట కొట్టగానే బడికి పోగలదు, రెండు జిల్లాల అవతల మిరప కోసే పిల్ల పోలేదు. పని ఇంటి దగ్గరుంటే బడికి సగం బలం అదే. తర్వాతి దశాబ్దాల్లో సొసైటీ క్షీణించింది. అటు ఆదోని పత్తి యార్డు మాత్రం రాష్ట్రంలో పెద్ద మార్కెట్లలో ఒకటిగా నిలబడి ఉంది. జిల్లా పత్తి తూకమై మిల్లులకు పోయేది ఇక్కడినుంచే. ఆ యార్డు చుట్టుపక్కల పల్లెలవాళ్ళే పరాయి జిల్లా పత్తి విడిపించడానికి వందల కిలోమీటర్లు పోతున్నారు. విద్యాశాఖ పరిధిలోకి రాదని ఈ సంగతిని పక్కన పెట్టే హక్కు విద్యా విమర్శకుడికి లేదు.

ఏదైనా ఒకదాన్ని ఎంచుకొమ్మంటే నేను ఎంచుకోలేను. బనవాసి లేకపోతే సర్కారు బడి ఇంత బాగా ఉండగలదని రుజువు చూపించడానికి మన దగ్గర ఏమీ మిగలదు. ప్రైవేటు కాలేజీ బోర్డులే లోకమవుతాయి. కోసిగి గది లేకపోతే సర్కారు బడి అందరిదీ అన్న మాటకు అర్థం ఉండదు. ఒకటి పేదపిల్ల ఎంత ఎత్తు ఎదగగలదో చెబుతుంది, ఇంకొకటి ఎంతమందిని పోగొట్టుకోకుండా ఉండగలమో చెబుతుంది. నా పేచీ వాటి మధ్య ఉన్న పరాయితనంతో. రెండు సంస్థలు, రెండు బడ్జెట్లు, రెండు క్యాలెండర్లు. ఒకదాని ఫైలు ఇంకొకదాని టేబుల్ మీదికి రాదు.

నవోదయ నియమాల్లో ఒక అంశం ఉంది, కోచింగ్ సెంటర్లకు కంఠతా వచ్చు, సుగ్గి ఇళ్ళకు తెలియదు. దరఖాస్తు చేసే పిల్ల ఐదో తరగతి అదే జిల్లాలో చదువుతూ ఉండాలి, పల్లె కోటా కావాలంటే మూడు నుంచి ఐదు దాకా ప్రతి తరగతీ పల్లెబడిలో ఏడాది పొడుగునా చదివి ఉండాలి. పరీక్ష ఈమధ్య డిసెంబరులోనో జనవరిలోనో పెడుతున్నారు. కోసిగి పిల్ల ఆ నెలల్లో గుంటూరు చేలల్లో ఉంటే నియమం ప్రకారమూ పోయింది, పరీక్ష ప్రకారమూ పోయింది. ఊళ్ళోనే ఉండాలంటే సీజనల్ హాస్టల్ నవంబరు మొదట్లో తెరిచి ఉండాలి, మూడో తరగతి నుంచీ ఏటా తెరవాలి. హాస్టల్ మంజూరు డిసెంబరు దాకా సాగితే అప్పటికి బండ్లు వెళ్ళిపోయి ఉంటాయి. బనవాసిలో పల్లెపిల్లలకిచ్చిన ఆ 75 శాతం వాటాలో సుగ్గి ఇళ్ళ పిల్లలెందరో తేలేది ఎంట్రన్స్ హాల్లో కాదు, కోసిగి హెచ్‌ఎంకు మంజూరు కాగితం చేరే తేదీ దగ్గర. ఆ తేదీని సెప్టెంబరుకు జరపడానికి కొత్త విధానమూ అక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చే రోజుకు ముందు ఎవరో ఒక అధికారి సంతకం పెడితే చాలు.